తొలి ఏడు ఆకులు లేని పౌలు పత్రికల పుస్తకం: మొత్తం 104 ఆకులని ఎలా లెక్కగట్టారు?

ప్రశ్న: కడప లెక్కల మాస్టారు

అందరికీ వందనాలు. నేను కడపలో ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను, ఆదివారం మా సంఘంలో పిల్లలకు బైబిలు పాఠం చెబుతాను. పోయిన నెల మా యువజనుల వాట్సాప్ గ్రూపులో ఒకే రోజు రెండు సందేశాలు వచ్చాయి. పండితులు పీ46 అని పిలిచే ఒక గ్రీకు పపైరస్ ప్రతిని గురించే రెండూ. అది క్రీస్తు శకం మొదటి శతాబ్దంలోనే, అంటే పౌలును కళ్లారా చూసినవాళ్లు బతికి ఉండగానే రాసిన ప్రతి అని మొదటి సందేశం చెబుతోంది. ఆ ప్రతిలో తిమోతి పత్రికలు, తీతు పత్రిక లేవు కాబట్టి అవి తర్వాత ఎవరో కల్పించి చేర్చినవని రుజువైపోయిందని రెండవది చెబుతోంది. పిల్లలు రెండూ నాకు చూపించి ఏది నిజమని అడిగారు. తెలియని విషయానికి జవాబు చెప్పడం ఇష్టం లేక, చదివి చెబుతానన్నాను.

చదివితే తెలిసింది ఇది. ఈ ప్రతిలో ఇప్పుడు 86 ఆకులు ఉన్నాయి. వాటిలో 56 ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరంలో చెస్టర్ బీటీ గ్రంథాలయంలోను, 30 అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలోను ఉన్నాయి. మొదట్లో పుస్తకానికి మొత్తం 104 ఆకులు ఉండేవని అందరూ రాస్తున్నారు. నా సందేహం మొదట ఇక్కడే. మా అవ్వ చదివిన బైబిలు నా దగ్గర ఉంది. ముందు ఆదికాండం పదకొండో అధ్యాయం దాకా ఆకులు ఊడిపోయాయి, వెనక ప్రకటన గ్రంథం సగం లేదు. అది అచ్చు పుస్తకం కనుక ఇంకొక ప్రతి పక్కన పెట్టుకుంటే ఎన్ని ఆకులు పోయాయో తెలుస్తుంది. లోకంలో ఒక్కటే ఉన్న చేతిరాత పుస్తకంలో లేని ఆకులను ఎలా లెక్కపెట్టారు? పైన తేదీ లేని పుస్తకానికి కాలం ఎలా కట్టారు? లేని ఆకుల్లో ఏముండేదో, ఏముండేది కాదో చెప్పడానికి వీలుందా? విశ్వాసం పక్షాన వాదించమని గానీ దానికి ఎదురు వాదించమని గానీ నేను అడగడం లేదు. ఆ ఆకులు ఏం చెబుతున్నాయో అది పిల్లలకు చెప్పాలని నా కోరిక.

జవాబు: తాళపత్రం (కడప)

మాస్టారు గారికి నమస్కారం. తెలుగు అధ్యాపకుడిగా పనిచేసి విరమించాను. మన ఊరి బ్రౌన్ గ్రంథాలయంలో పాత ప్రతులు చూడడం చాలా ఏళ్ల అలవాటు. గ్రీకు నాకు స్వయంగా రాదు, ఆ ప్రతి గురించి పండితులు రాసినవి చదివాను. తేదీ లేని రాతకు లిపిని బట్టి కాలం కట్టే పద్ధతి మాత్రం ఏ భాషలోనైనా ఒకటే కనుక, మీ రెండవ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను.

మన జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనం మీకు తెలిసే ఉంటుంది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేరున్న ఆ రాతిమీద శకసంవత్సరం చెక్కి లేదు. అయినా అది క్రీ.శ. 575 ప్రాంతానిదని, తెలుగులో దొరికిన తొలి శాసనమని మనం పాఠాల్లో చెప్పుకుంటున్నాం. అక్షరాల వంపు, తలకట్టు తీరు, భాష, రాజవంశపు క్రమం, వీటన్నిటినీ కాలం తెలిసిన ఇతర శాసనాలతో పోల్చి ఆ మాట అన్నారు. ఈజిప్టు పొడి ఇసుకలో దొరికిన గ్రీకు పపైరస్‌ల విషయంలోనూ చేసింది ఇదే. అక్కడ పన్ను రసీదులు, కౌలు పత్రాలు, అధికారులకు పెట్టుకున్న అర్జీలు వేల సంఖ్యలో దొరికాయి. వాటిలో చాలావాటిమీద ఫలానా చక్రవర్తి ఏలుబడిలో ఫలానా ఏడు అని స్పష్టంగా రాసి ఉంటుంది. తేదీ లేని గ్రంథపు ప్రతిలోని చేతిరాతను ఆ తేదీ ఉన్న రాతల పక్కన పెట్టి, ఏ తరం వాళ్ల చేతికి దగ్గరగా ఉందో చూస్తారు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఇరవయ్యో ఏట రాత నేర్చిన లేఖకుడు అరవయ్యో ఏటా దాదాపు అదే తీరున రాస్తాడు. అందుచేత లిపిని చూసి ఒక ఏడాదినో ఒక దశాబ్దాన్నో వేలు పెట్టి చూపడం సాధ్యం కాదు. పీ46కు ఎక్కువమంది ఒప్పుకున్న కాలం క్రీ.శ. 200 ప్రాంతం, అంటే 175 నుంచి 225 వరకు గల యాభై ఏళ్ల నిడివి. మీ గుంపులో వచ్చిన మొదటి సందేశానికి మూలం బహుశా యంగ్ క్యు కిమ్ అనే పండితుడు 1988లో రాసిన వ్యాసం. ఆయన ఈ ప్రతి మొదటి శతాబ్దపు చివరిదని వాదించాడు. ఆయన చూపిన అక్షరాల తీరులు ఆ తర్వాతి కాలపు రాతల్లోనూ కనిపిస్తాయని చెప్పి, లిపి శాస్త్రజ్ఞులలో అత్యధికులు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. ఒకరు ప్రతిపాదించిన మాటను అందరూ తేల్చిన మాటగా పిల్లలకు చెప్పకూడదు. 200 ప్రాంతమన్నా, పౌలు పత్రికల సంపుటాలుగా మనకు మిగిలిన ప్రతులలో అతి ప్రాచీనమైనది ఇదే. దాని గొప్పతనం చెప్పడానికి ఇంకో నూరేళ్లు వెనక్కి జరపనక్కరలేదు.

జవాబు: ఖాతా పుస్తకాల బైండరు (పొద్దుటూరు)

మాస్టారు గారూ, ఆకుల లెక్క నా పనికి సంబంధించినది కనుక దానికి జవాబు నేను చెబుతాను. పొద్దుటూరులో అంగళ్ల వాళ్లకు ఖాతా పుస్తకాలు కుట్టడం మా నాయన కాలం నుంచీ మా ఇంటి పని.

ఈ రోజు మనం లావు పుస్తకం కుట్టేటప్పుడు కాగితాలను ఎనిమిదో పదహారో పుటల చిన్న చిన్న మడతలుగా చేసి, ఆ మడతలను ఒకదాని వెనక ఒకటి పేర్చి వీపున కుడతాం. పీ46 అలా కట్టినది కాదు. 52 పపైరస్ పలకలను ఒకదానిమీద ఒకటి పరిచి, మొత్తాన్ని ఒక్కసారిగా నడుమకు మడిచి కుట్టారు. పిల్లల నోటుపుస్తకానికి నడుమ పిన్ను కొడతామే, అదే పద్ధతి, కాకపోతే బాగా లావుది. ఒక్కొక్క పలక మడిస్తే రెండు ఆకులవుతుంది కనుక 52 పలకలకు 104 ఆకులు, 208 పుటలు. ఇలాంటి పుస్తకంలో మొదటి ఆకు, చివరి ఆకు ఒకే పలకకు రెండు సగాలు. రెండో ఆకుకు జత 103వది. ఏ జత తీసుకున్నా ఆకుల సంఖ్యలు కలిపితే 105 వస్తుంది. మీరు లెక్కల మాస్టారు కనుక ఇక్కడికే మీకు దారి కనిపించి ఉంటుంది.

లేఖకుడి కాలం నుంచే పుటల తలమీద, నడుమ, గ్రీకు అక్షరాలతో పుట సంఖ్యలు ఉన్నాయి. ఆ కాలపు ప్రతులన్నిటికీ ఇవి ఉండవు, ఈ ప్రతికి ఉండడం మన అదృష్టం. దొరికిన ఆకులలో మొదటిది రోమా పత్రిక అయిదో అధ్యాయం పదిహేడో వచనంతో మొదలవుతుంది. పుట సంఖ్యను బట్టి దానికి ముందు ఏడు ఆకులు ఉండాలి. రోమా పత్రికలో పోయిన ఆ భాగం ఏడు ఆకుల్లో సరిగ్గా పడుతుంది కూడా. అంటే మనకున్నది ఎనిమిదో ఆకు. దాని జత 97వ ఆకు, దొరికిన వాటిలో చివరిది అదే. ముందు ఏడు పోయాయంటే వెనక వాటి జతలు ఏడూ, 98 నుంచి 104 దాకా, పోయాయన్నమాట. ఇంకా లోపల 9, 10 ఆకులు లేవు. వాటి జతలు 96, 95. అవీ లేవు. ఏడూ ఏడూ పద్నాలుగు, ఇంకో నాలుగు కలిపితే పద్దెనిమిది. 104లోంచి 18 తీస్తే మిగిలినవి మీరు చెప్పిన 86. ఆకులు పోవడంలో కూడా ఇంత క్రమం ఉండడం చూస్తే, ఆ పుస్తకం ఎలా మడిచారో మన కళ్ల ముందు మడిచినట్టుగా ఉంటుంది.

పుట సంఖ్యలే లేకపోయినా ఇలాంటి ఒకే మడత పుస్తకాల్లో నడుమ ఎక్కడో కనిపెట్టే ఉపాయం ఒకటుంది. పపైరస్ మన చెరువుల్లో పెరిగే తుంగ జాతి మొక్క. దాని కాడలోని బెండును పలుచని బద్దలుగా చీల్చి, ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా పరిచి అదిమి ఆరబెడతారు. అందుచేత ఒక వైపు నార అడ్డంగా, రెండో వైపు నిలువుగా కనిపిస్తుంది. పలకలన్నీ ఒకే వైపు పైకి పెట్టి పేర్చి మడిస్తే, పుస్తకం సగం దాకా నార ఒక వరుసలో వచ్చి, నడుమ దాటగానే ఆ వరుస తలకిందులవుతుంది.

మీ అవ్వగారి బైబిలు విషయంలో ఒక మాట. ముందూ వెనకా ఆకులు పోవడం మా దగ్గరికి వచ్చే ప్రతి పాత పుస్తకానికీ ఉన్నదే. చెయ్యి తగిలేది, నేలకు రాసుకునేది, చెద మొదట ముట్టేది బయటి ఆకులే.

జవాబు: వేదాంత విద్యార్థి (కర్నూలు)

మూడో ప్రశ్నకు, అంటే తిమోతి, తీతు పత్రికల సంగతికి, బైండరు అన్నగారి లెక్కమీదే నిలబడి జవాబు చెప్పవచ్చు. ఈ ప్రతిలో పత్రికల వరుస మన బైబిలులోని వరుస కాదు. రోమా, హెబ్రీ, మొదటి కొరింథీ, రెండవ కొరింథీ, ఎఫెసీ, గలతీ, ఫిలిప్పీ, కొలస్సీ, మొదటి థెస్సలొనీక అనే క్రమంలో ఉన్నాయి. దాదాపు పొడవును బట్టి పెద్దది ముందు, చిన్నది వెనక పెట్టినట్టు కనిపిస్తుంది. మొదటి థెస్సలొనీక 97వ ఆకులో ముగుస్తుంది. ఆ తర్వాత పోయినవి ఏడు ఆకులు, అంటే 14 పుటలు. రెండవ థెస్సలొనీకకు నాలుగు పుటలు తీసేస్తే సుమారు పది మిగులుతాయి. రెండు తిమోతి పత్రికలు, తీతు, ఫిలేమోను పూర్తిగా రాయాలంటే దాదాపు రెండింతల చోటు కావాలి. ప్రతిని 1930లలో అచ్చువేసిన ఫ్రెడరిక్ కెన్యన్ ఈ లెక్కతోనే అవి ఇందులో ఉండి ఉండవని భావించాడు.

అయితే దీనికి ఎదురు సాక్ష్యం కూడా అదే ప్రతిలో ఉంది. మొదటి పుటల్లో పుటకు 26 పంక్తుల దాకా రాసిన లేఖకుడు, పుస్తకం నడుమ దాటిన తర్వాత పంక్తులు పెంచుతూ, పంక్తికి అక్షరాలు పెంచుతూ పోయాడు. చివరి భాగంలో కొన్ని పుటల్లో 32 పంక్తుల దాకా ఉన్నాయి. చోటు చాలదని అతనికే తెలిసి ఇరికించి రాస్తున్నాడని, చివర విడి ఆకులు కొన్ని చేర్చి మిగతా పత్రికలు కూడా పూర్తిచేయాలనుకుని ఉంటాడని జెరెమీ డఫ్ 1998లో వాదించాడు. పెళ్లి పత్రికమీద పేర్లు రాసేటప్పుడు కింద చోటు తగ్గేకొద్దీ అక్షరాలు చిన్నవి చేసే అలవాటు మనందరికీ తెలిసినదే కనుక, ఈ వాదం నాకు అసంగతంగా తోచదు. అంతేగాక దాదాపు అదే కాలానికి చెందిన పీ32 అనే చిన్న ముక్క మాంచెస్టరులోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉంది. దానిమీద ఉన్నది తీతు పత్రికే. కాబట్టి 200 ప్రాంతంలో ఆ పత్రికను ప్రతులు రాసుకుంటున్నారన్నది ఖాయం. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్న చర్చ పత్రికల భాషనూ విషయాన్నీ బట్టి జరగవలసినది. ఊడిపోయిన ఏడు ఆకులను సాక్షిగా నిలబెట్టి ఆ చర్చను తేల్చలేము.

ఉప ప్రశ్న: పెన్నేటి పాఠకురాలు (అనంతపురం)

మాస్టారు గారి ప్రశ్నకు ఇది అనుబంధం. ఈ ప్రతిలోని పాఠానికీ మన తెలుగు బైబిలు పాఠానికీ తేడాలు ఉన్నాయా? ఉంటే అవి ఎలాంటివి? తెలిసినవారు ఒకటి రెండు చూపిస్తే మేలు.

జవాబు: తాళపత్రం (కడప)

ఉన్నాయమ్మా. ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. మొదటి కొరింథీ పదమూడో అధ్యాయం, ప్రేమను గురించిన అధ్యాయం, మీకు కంఠస్థమే అయి ఉంటుంది. అందులో మూడో వచనంలో మన బైబిలులో “కాల్చబడుటకు నా శరీరమును అప్పగించినను” అని ఉంది. పీ46లో ఆ చోట “అతిశయించుటకు” అనే అర్థమిచ్చే మాట ఉంది. గ్రీకులో మొదటిది కౌథేసోమై, రెండవది కౌఖేసోమై. తేడా ఒక్క అక్షరం. “థ” పలికే గ్రీకు అక్షరం నడుమ అడ్డగీత ఉన్న సున్నలా ఉంటుంది, “ఖ” పలికేది మన గుణకారపు గుర్తులా ఉంటుంది. మన తాటాకు ప్రతుల్లో గంటం గీత సరిగా పడక “ప” “వ” అయి, “వ” “ప” అయి పద్యం అర్థమే మారిపోయిన చోట్లు నేను ఎన్నో చూశాను. అయితే ఈ గ్రీకు అక్షరాలు రెండూ ఆకారంలో దగ్గరివి కావు కనుక, ఇక్కడ చెయ్యి జారడంకన్నా ఎవరో ఒక లేఖకుడి మనసుకు అర్థం అటో ఇటో తోచి మార్చి ఉండడమే నాకు సహజంగా కనిపిస్తుంది. సైనాయ్ ప్రతి, వాటికన్ ప్రతి వంటి నాలుగో శతాబ్దపు పెద్ద ప్రతులు కూడా పీ46 పక్షానే ఉన్నాయి. అయినా ఏది మూలపాఠమో పండితులు ఇప్పటికీ చర్చిస్తూనే ఉన్నారు.

ఎఫెసీ పత్రిక మొదటి వచనంలో “ఎఫెసులో” అనే మాట ఈ ప్రతిలో లేదు. ఆ ఉత్తరం ఒక్క ఊరికి గాక చుట్టుపక్కల సంఘాలన్నిటికీ తిప్పి చదివించడానికి రాసినదేమో అన్న ఊహకు ఇది ఒక ఆధారం. రోమా పత్రిక చివర పదహారో అధ్యాయంలో మనం చదివే స్తోత్ర వచనాలు మూడూ ఇందులో పదిహేనో అధ్యాయం ముగిసిన వెంటనే వస్తాయి. పదహారో అధ్యాయంలోని పలకరింపులు వాటి తర్వాత వస్తాయి. మన కడపలోనే బ్రౌన్ దొర పండితులను పెట్టుకుని వేమన పద్యాల ప్రతులెన్నో తెప్పించి, పక్కపక్కన పెట్టి పాఠాలు సరిచూయించి 1829లో అచ్చువేయించాడు గదా, ఆయనకూ ఎదురైనది ఇదే చిక్కు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకొక దానిలో ఉండదు, ఉన్నా అదే వరుసలో ఉండదు.

ఈ లేఖకుడి గురించి ఒక మాట చెప్పాలి. చక్కని చేతిరాత, కాని పని అంత జాగ్రత్తగా చేయలేదు. ఒకే మాట రెండు పంక్తుల్లో వస్తే కన్ను పై మాటనుంచి కింది మాటకు జారి నడుమ ఉన్నది వదిలేయడం ఇందులో చాలాచోట్ల ఉంది. గుంథర్ జుంట్జ్ అనే పండితుడు ఈ తప్పులన్నిటినీ వడగట్టి చూసి, వాటి వెనక ఉన్న మాతృకపాఠం మాత్రం ఎంతో మేలైనదని 1953లో అచ్చైన తన గ్రంథంలో నిరూపించాడు. అంటే మంచి మాతృకను అలసిన కన్ను చూసి రాసిందన్నమాట. మన లేఖకులు ప్రతి చివర “యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా” అని, చూసినదే రాశాను, తప్పున్నా నా దోషం కాదని వేడుకుంటారు. పీ46 చివరి ఆకులు పోయాయి కనుక ఆ లేఖకుడు ఏమన్నా వేడుకున్నాడేమో వినే భాగ్యం మనకు లేదు.

ఇంకొక పోలిక నాకు ఎంతో ఇష్టమైనది. ఈ ప్రతిలో కొన్ని పత్రికల చివర ఎన్ని పంక్తులో సంఖ్య వేసి ఉంది. అది పుటలోని పంక్తుల లెక్క కాదు. సుమారు 16 అక్షరాలను (విడి గ్రీకు లిపి గుర్తులను కాదు, మన “కా”, “రిం” లాగా ఒక్క ఊపులో పలికేవాటిని) ఒక ప్రమాణ పంక్తిగా పెట్టుకుని కట్టిన లెక్క, లేఖకుడికి కూలి ఇచ్చేది దాని ప్రకారమే. మన దేశంలోనూ 32 అక్షరాలను ఒక “గ్రంథం” అని పెట్టుకుని, ఈ పుస్తకం ఇన్ని వేల గ్రంథాలు అని లెక్కగట్టి లేఖకుడికి ముట్టజెప్పేవారు. నైలు నది ఒడ్డునా పెన్న ఒడ్డునా చేతిరాతకు కూలి కట్టిన తీరు ఒక్కటే.

ప్రశ్న అడిగినవారు: కడప లెక్కల మాస్టారు

అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న ఆదివారం బైండరు గారు చెప్పినట్టే 52 తెల్లకాగితాలు తీసుకుని, పిల్లలతో ఒక్కసారిగా నడుమకు మడిపించాను. మడత లొంగక ఇద్దరు పిల్లలు కూర్చుని అదిమిపట్టవలసి వచ్చింది. మడిచాక లోపలి కాగితాల అంచులు బయటివాటికన్నా అర సెంటీమీటరుకు పైగా ముందుకు పొడుచుకు వచ్చాయి. ఆకుల మీద 1 నుంచి 104 దాకా అంకెలు వేయించి, ముందు ఏడు ఆకులు లాగేయమన్నాను. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి మొదటి ఆకు లాగగానే వెనక 104 కూడా ఊడి రావడం చూసి, నేను చెప్పకముందే “105” అని అరిచింది. తర్వాత 9, 10 తీయించాం. మిగిలిన ఆకులు వాళ్లే లెక్కపెట్టి 86 అని పలకమీద రాశారు. అప్పుడు ఆ ఖాళీ ఏడు ఆకులను చేతిలో పట్టుకుని, ఇందులో తిమోతి పత్రిక ఉండేదా, ఉండేది కాదా అని అడిగాను. ఈ ఆకులు లేవు కాబట్టి చెప్పలేము మాస్టారూ అని వాళ్లే జవాబిచ్చారు. గ్రూపులో ఆ రెండు సందేశాల కిందా ఈ లెక్కనే రాసి పెట్టాం.

బైండరు గారూ, ఒక మనవి. మా అవ్వ బైబిలులో ఊడిపోయినవి పోగా, అంచున వేలాడుతున్న ఆకులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎలా నిలబెట్టాలో చెప్పగలరా?

జవాబు: ఖాతా పుస్తకాల బైండరు (పొద్దుటూరు)

తప్పకుండా చెబుతాను. ముందుగా, వాటికి సెల్లోటేపు వేయకండి. నాలుగేళ్లకు దాని జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది, తీయబోతే అక్షరాలు కూడా దానితో వస్తాయి. వేలాడే ఆకులను వాటి చోటులోనే ఉంచి, పుస్తకాన్ని మెత్తని నూలుగుడ్డలో చుట్టి, ఎండ తగలని చోట పడుకోబెట్టి ఉంచండి. ఈసారి పొద్దుటూరు వచ్చినప్పుడు తీసుకురండి. వీపు విప్పి, చిరిగిన మడతలకు పలుచని కాగితం పట్టీలు గంజితో అతికించి, పాత రంధ్రాల గుండానే మళ్లీ కుడతాను. ముందు పోయిన ఆకుల చోట, మీకు ఇష్టమైతే, అన్ని తెల్లకాగితాలు చేరుస్తాను.